నా నోరు, నా పర్సు, మధ్యలో సర్కారు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు ముందేసుకుని కూర్చుంటే చాలావాటిలో ఒకటే గొడవ కనిపించింది. ఏం తినాలో, ఏం తాగాలో, ఎంతకి కొనాలో చెప్పడానికి ప్రభుత్వం ఎవరు అని కొందరు, ఇంత జరుగుతుంటే ప్రభుత్వం నిద్రపోతోందా అని ఇంకొందరు. ఒకాయనైతే ఒకే ఉత్తరంలో రెండూ అడిగారు, మొదటిది మొదటి పేజీలో, రెండోది వెనక పేజీలో. ఇంటి అద్దె అడ్వాన్సుల తగాదాలు వచ్చే నెలకి వాయిదా వేసి ఈ నెల వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ చదువుతున్నా. షవర్మా, మోమో తినేది మేము, కడుపు నొప్పి వస్తే పడేది మేము. తెలంగాణలో పచ్చి గుడ్డు మయోనైజ్ నిషేధించడం ఏంటి సార్? రేపు మిర్చి బజ్జీ కూడా ఆపేస్తారా?
— ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తమ్ముడూ, మిర్చి బజ్జీ జోలికొస్తే నీకంటే ముందు నేను ధర్నాలో కూర్చుంటా. కానీ బజ్జీ మరిగే నూనెలో వేగుతుంది, మయోనైజ్ స్టవ్ మొహమే చూడదు. పచ్చి గుడ్డు సొన, నూనె, కాస్త వెనిగరో నిమ్మరసమో వేసి మిక్సీలో గిలకొట్టి గిన్నెలో పోసి, షవర్మాకీ మోమోకీ నంజుకోవడానికి బండి మీద పెడతారు. ఆ గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటే దాన్ని చంపే వేడి ఎక్కడా తగలదు, పైగా సాయంత్రం నాలుగింటికి కలిపింది రాత్రి పదకొండు దాకా ఫ్రిజ్ లేకుండా ఆ ఉక్కలో ఉంటే అది పెరుగుతూ కూర్చుంటుంది. రంగు మారదు, వాసన రాదు, రుచిలో తేడా తెలీదు. నువ్వు మైక్రోబయాలజీ చదువుతున్నా సరే, ప్లేటు చూసి చెప్పలేవు. మోమో కావాలని నువ్వు అడిగావు, దాంతో పాటు ఇది కూడా వస్తోందని నీకెవరూ చెప్పలేదు, అలాంటప్పుడు నా ఇష్టం అనే మాటకి అర్థం సగమే మిగులుతుంది.

2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని ఒకామె చనిపోయింది, ఇంకా చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు. అదే నెల 30న ప్రభుత్వం ఏడాది పాటు నిషేధం పెట్టింది. కేరళ అంతకు ముందే 2023 జనవరిలో పెట్టింది, తమిళనాడు 2025 ఏప్రిల్లో పెట్టింది. ఇక్కడ ఒక విషయం గమనించు: నిషేధం పచ్చి గుడ్డుతో చేసి అమ్మడం మీద, నిల్వ చేయడం మీద. గుడ్డు లేని మయోనైజ్ అమ్ముకోవచ్చు, పాశ్చరైజ్ చేసిన, అంటే క్రిములు చచ్చేలా వేడి తగిలించిన గుడ్డుతో చేసిందీ అమ్ముకోవచ్చు. మీ ఇంట్లో మీరు చేసుకుని తింటే తలుపు కొట్టేవాడు లేడు. అంతవరకు నాకు పేచీ లేదు.

పేచీ ఇంకో చోట ఉంది. ఆ మోమోల వ్యాపారానికి ఆహార భద్రత లైసెన్సే లేదని తర్వాత అధికారులే చెప్పారు. లైసెన్సు లేకుండా వండి అమ్మకూడదనే చట్టం 2006లోనే చేశారు కదా, మరి బండి నడిచినన్నాళ్లూ చూసినవాడు ఎవరు? ఉన్న రూలు అమలు చేయలేనప్పుడు కొత్త రూలు రాయడం చాలా తేలిక, దానికి ఒక కాగితం, ఒక సంతకం చాలు. తనిఖీకైతే మనుషులు కావాలి, బండి కావాలి, నమూనా పాడవకుండా ల్యాబుకి చేరాలి, రిపోర్టు టైముకి రావాలి.

మా నాన్నది పల్నాడు వైపు ఒక చిన్న ఊళ్లో కిరాణా కొట్టు. ఏడాదికోసారి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. కొట్టులోకి అడుగు పెట్టగానే నాన్న లేచి నిలబడేవాడు, నేను వెళ్లి గోలీ సోడా తెచ్చేవాణ్ణి. ఆయన సోడా తాగి, రెండు కేజీల కందిపప్పు సంచిలో పోయించుకుని, తక్కెడ వైపు కన్నెత్తి కూడా చూడకుండా వెళ్లిపోయేవాడు. మా పక్క కొట్టులో తక్కెడ పళ్లెం కింద చింతపండు ముద్ద అతికించి ఉండేదని ఊరంతటికీ తెలుసు. అక్కడా అంతే, సోడా, రెండు కేజీలు. రూలుకి తక్కువేం లేదు, ఇనప రాళ్ల మీద ముద్ర కూడా ఉండేది. అందుకే ఎవరైనా కొత్త నిషేధం అనగానే నాకు ముందు ఆ చింతపండు ముద్దే గుర్తొస్తుంది.

ప్రశ్న: హెల్మెట్ పెట్టుకోకపోతే పగిలేది నా తల. మధ్యలో ఫైన్ ఎందుకు?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తర్కం ప్రకారం మీరే కరెక్ట్ అండీ, నేను ఓడిపోయాను. కాకపోతే ఒక రాత్రంతా మా మేనల్లుడి కోసం ఎమర్జెన్సీ వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాక తర్కం మీద నాకు అంత మోజు పోయింది. వాడు బతికాడు. వాణ్ణి చూసుకోవడానికి మా అక్క రెండేళ్లు ఉద్యోగం మానేసింది, ఆ తల మా అక్కది కూడా అని అప్పుడు తెలిసింది. సిక్కులకి తలపాగా ఉంటే చట్టంలోనే మినహాయింపు ఉంది, మీరు వాదించాలనుకుంటే అక్కడ మొదలుపెట్టండి. కోర్టుకి మాత్రం హెల్మెట్ పెట్టుకునే వెళ్లండి.

ప్రశ్న: మా అత్తగారు ఆవకాయకి కల్లుప్పే వాడేవారు. ఇప్పుడు షాపులో అయోడిన్ లేని ఉప్పు అడిగితే అమ్మకూడదండీ అంటున్నారు. మా ఇంట్లో ఎవరికీ గాయిటర్ లేదు. ఉప్పు విషయంలో కూడా నా ఇష్టం లేదా?
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే దీని మీద నా మనసే ఒక పక్కకి మొగ్గదు. మా కొట్టు బయట ఉప్పు బస్తా ఉండేది. రాత్రి కొట్టు కట్టేసినా దాన్ని లోపల పెట్టేవాళ్లం కాదు, ఉప్పు ఎవడెత్తుకుపోతాడని ధీమా. చినగంజాం కొఠార్ల నుంచి వచ్చిన ఉప్పు, కాస్త మట్టి రంగు, వానాకాలం బస్తా కింద నీళ్లు కారేవి, నాన్న సోలతో కొలిచి పోసేవాడు. ఆ ఉప్పు తిని పెరిగినవాణ్ణే నేను.

సముద్రం పక్కన ఉన్న మనకి గాయిటర్ అంటే పాఠ్యపుస్తకంలో బొమ్మ. హిమాలయాల కింద ఊళ్లలో అది కళ్లెదుట కనపడే జబ్బు. వానలకీ వరదలకీ నేలలో అయోడిన్ కొట్టుకుపోయి, ఆ నేలలో పండింది తిన్నవాళ్లకి గొంతు కింద గడ్డలు వచ్చేవి. అయోడిన్ కలిపిన ఉప్పుతో దాన్ని తగ్గించవచ్చని మన దేశంలో రుజువు చేసింది ఎవరనుకున్నారు? శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1956లో కాంగ్రా లోయలో మొదలుపెట్టి కొన్ని ప్రాంతాలకి అయోడిన్ ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి పోల్చి చూశారు. అయోడిన్ అందిన చోట గాయిటర్ బాగా తగ్గింది. ఇంతకీ గడ్డ అనేది పైకి కనిపించే బాధ మాత్రమే, గర్భిణికి అయోడిన్ చాలకపోతే పుట్టే బిడ్డ మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. ఉప్పు కొనేది ఒకరు, నష్టపోయేది ఇంకా పుట్టనివాళ్లు. ఇక్కడే నా ఇష్టం అనే వాదన నా నోట్లో కాస్త తడబడుతుంది.

అయితే మీ వైపు కూడా బలమైన వాదన ఉంది, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కూడా. అయోడిన్ లేని ఉప్పు అమ్మకాల మీద కేంద్రం పెట్టిన నిషేధాన్ని 2000లో కేంద్రమే ఎత్తేసింది, మళ్లీ 2006 మేలో తెచ్చింది. తెచ్చింది ఎలా అంటే ఆహార కల్తీ నిరోధక చట్టం కింద ఒక రూలుగా. 2011 జులైలో సుప్రీంకోర్టు ఏమందంటే, కల్తీని ఆపడానికి చేసిన చట్టం అది, మంచి ఉప్పులో ఇంకోటి కలిపి తీరాలని బలవంతపెట్టడానికి ఆ చట్టం అధికారం ఇవ్వలేదు, కాబట్టి ఈ రూలు చెల్లదు అని. కానీ వెంటనే ఆపేస్తే జనం ఆరోగ్యం ఏమవుతుందోనని ఆరు నెలలు గడువిచ్చింది. ఈలోగా కొత్త ఆహార భద్రత చట్టం కింద 2011 నిబంధనల్లో అదే ఆంక్ష మళ్లీ వచ్చి కూర్చుంది.

నాకు ఆ తీర్పు చాలా నచ్చుతుంది. అయోడిన్ చెడ్డదని కోర్టు అనలేదు. మంచి పని చేస్తున్నా సరే, చేతిలో ఉన్న అధికారం మేరకే చెయ్యి అంది. మన ఆఫీసుల్లో ఈ మాట గోడ మీద రాసి పెట్టాల్సినంత అవసరం ఉంది.

ఇక మీ ఆవకాయ సంగతి. ఆంక్ష నేరుగా తినడానికి అమ్మే ఉప్పు మీద, పశువులకీ పరిశ్రమలకీ నిల్వ పదార్థాలకీ ఆ మేరకు లేబుల్ వేసి అమ్మే ఉప్పుకి మినహాయింపు ఉంది. అదీ కాకపోతే అయోడిన్ కలిపిన కల్లుప్పు ప్యాకెట్లు కూడా దొరుకుతున్నాయి, ఒక చిన్న జాడీతో చూసి చెప్పండి. నేను మాత్రం తేడా కనిపెట్టలేకపోయాను, మా ఆవిడ కనిపెట్టానంటుంది.

ప్రశ్న: బస్టాండులో ఇరవై రూపాయల నీళ్ల బాటిల్ పాతికకి అమ్ముతున్నారు. అడిగితే కూలింగ్ చార్జి అంటున్నారు. ఇది కరెక్టేనా?
— ఒక ప్రయాణికుడు, ఒంగోలు

జవాబు: కాదు. ఎంఆర్‌పీ అంటేనే పన్నులన్నీ కలిపి ఇక ఇంతకు మించి అమ్మకూడదని, చల్లగా ఉందా వెచ్చగా ఉందా అనేది అందులో లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, బిల్లు అడగండి, ఇవ్వకపోతే బాటిల్ మీద రేటు, షాపు బోర్డు ఫోటో తీసి ఉంచండి. హోటల్లో కూర్చుని తింటూ తాగితే మాత్రం వేరు, అక్కడ సేవ కూడా ఉంటుంది కాబట్టి ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంతవరకు చట్టం. మా నాన్న కొట్టు బుద్ధి ఇంకోటి చెబుతుంది, చెప్పేస్తా. ఎంఆర్‌పీ ప్రభుత్వం వేసే రేటు కాదు, కంపెనీ వేసుకునేదే. అందుకే కొన్ని సరుకుల మీద ముందు వెయ్యి అని ముద్రించి తర్వాత సగం ధరకే అని బోర్డు పెడతారు, మనం సంతోషంగా కొంటాం. అదే పాడేరు అవతల కొండ మీద గూడెంలో ఒకాయన ఆటో దిగి అట్టపెట్టె భుజాన వేసుకుని రెండు కిలోమీటర్లు ఎక్కి, ఐదు రూపాయల బిస్కెట్ ఆరు రూపాయలకి అమ్మితే నేరం. ఆ రూపాయి ఆయన నడకకి. బస్టాండు ఫ్రిజ్ వాడికీ ఆయనకీ ఒకే రూలు కావడం నాకు మింగుడుపడదు, కానీ దాన్ని చూపించి బస్టాండు వాణ్ణి వదిలేయకండి.

ప్రశ్న: కన్స్యూమర్ చట్టం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ప్రభుత్వం ఒక వస్తువుని ఆపేయాలంటే ఎక్కడిదాకా వెళ్లొచ్చు? ఒక ఉదాహరణ చెప్పండి.
— ఒక లా విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మ్యాగీ కేసు చదువమ్మా. 2015 జూన్ 5న కేంద్ర ఆహార భద్రత సంస్థ తొమ్మిది రకాల మ్యాగీ ఆపేయమంది, సీసం పరిమితికి మించి ఉందని, రుచి పెంచడానికి వేసే ఎంఎస్‌జీ కలపలేదన్న లేబుల్ తప్పుదారి పట్టిస్తోందని. ఆగస్టు 13న బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. కంపెనీ మాట వినకుండా ఆపేశారు, పరీక్షలు చేసిన ల్యాబులకి తగిన గుర్తింపు లేదు, ఇవీ కారణాలు. మళ్లీ మూడు ల్యాబుల్లో పరీక్ష చేయించమంది, మొహాలీ, జైపూర్, ఒకటి మన హైదరాబాదు. సీసం పరిమితి లోపే ఉందని తేలింది, నవంబరుకల్లా ప్యాకెట్లు షాపుల్లోకి వచ్చేశాయి. ప్రభుత్వం ఆపొచ్చు, కానీ నమ్మదగిన చోట పరీక్ష చేయించి, అవతలివాడి మాట విని ఆపాలి. పెద్ద కంపెనీ కాబట్టి కోర్టుకెళ్లింది, రెండు నెలల్లో తీర్పొచ్చింది. అదే ఒక పచ్చళ్ల కొట్టు మీద అలాంటి ఉత్తర్వు వస్తే ఏమవుతుందో కూడా నీ ప్రాజెక్టులో ఒక పేజీ రాయి.

ప్రశ్న: అన్నగారూ, 2019 నుంచి 2024 దాకా మా ఊళ్లో నాకు కావలసిన బ్రాండు దొరకలేదు. ఎప్పుడూ వినని పేర్లు, అవీ డబుల్ రేటు. మందు గురించి ఎవరూ హక్కు అని మాట్లాడరు. మీరైనా రాస్తారా?
— ఒక పాఠకుడు, మాచర్ల

జవాబు: రాస్తాను, కానీ మీకు నచ్చే భాగం, నచ్చని భాగం రెండూ కలిపి రాస్తా.

మన దగ్గర మందు మీద ఆంక్షలు సెక్రటేరియట్‌లో పుట్టినవి కావు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమెతో పాటు అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు, అది ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం, 1997లో అది ఎత్తేయడం, ఇదంతా మీరు చూసినదే. ఆ ఆడవాళ్లు అడిగింది మొగుడి స్వేచ్ఛ తగ్గించమని కాదు, కూలి డబ్బు ఇంటికి చేరాలని. తాగేది ఒకడు, పస్తు ఉండేది నలుగురు అయినప్పుడు ఆ నలుగురి ఇష్టాన్ని ఎక్కడ రాయాలి? ఇది నచ్చని భాగం.

ఇక నచ్చే భాగం. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది నిషేధం కాదు. దశలవారీగా నిషేధిస్తామని మాటిచ్చిన ప్రభుత్వమే కౌంటర్లో కూర్చుని అమ్మింది. ధర పెంచితే తాగడం తగ్గుతుందన్నారు, అది ఒక విధానం, ఒప్పుకుందాం. కానీ తెలిసిన బ్రాండ్లు ఎందుకు మాయం కావాలి? చాలాకాలం నగదే ఎందుకు ఇవ్వాలి? రేటు, బ్రాండు, కొట్టు అన్నీ ఒకరి చేతిలోనే ఉంటే తప్పు జరిగినప్పుడు తనిఖీ చేయాల్సింది కూడా వాళ్లే. నా కొట్టుకి నేనే ఇన్‌స్పెక్టరునైతే సోడా కూడా తెప్పించనక్కర్లేదు. మీలాంటివాళ్లు ఏం చేశారు? సాగర్ దాటి తెలంగాణ వైపు వెళ్లారు, డబ్బులేనివాడు నాటుసారా వైపు వెళ్లాడు. 2024 అక్టోబరులో మళ్లీ 3,396 ప్రైవేటు షాపులు వచ్చాయి, క్వార్టర్ 99 రూపాయలకి కూడా దొరుకుతోంది. మీ బ్రాండు మీకు వచ్చింది, సంతోషం. అంత చవగ్గా దొరకాలని మీ ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారా లేదా అనేది మాత్రం నన్నడగకండి, వాళ్లని అడగండి.

ప్రశ్న: బాబాయిగారూ, మా ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి వాట్సాప్‌లో అమ్ముతున్నాను. ఆవకాయ, మాగాయ, చికెన్ పచ్చడి. రిజిస్ట్రేషన్ లేకపోతే కేసు పెడతారని ఎవరో భయపెట్టారు. నాలుగు సీసాలు అమ్ముకునేదాన్ని, నాకెందుకండీ ఇదంతా? మీకో సీసా మాగాయ పంపుతాను, తిని చెప్పండి.
— ఒక గృహిణి, రావులపాలెం

జవాబు: అమ్మాయ్, టెన్షన్ పడకు. నీలాంటి చిన్న వ్యాపారానికి పెద్ద లైసెన్సు అక్కర్లేదు, ఆహార భద్రత సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ చాలు. ఆన్‌లైన్లోనే అవుతుంది, ఆధార్, ఫోటో లాంటి కొద్దిపాటి కాగితాలే, ఫీజు కూడా పెద్దదేం కాదు. నీకు పద్నాలుగు అంకెల నంబరు వస్తుంది. మధ్యలో ఎవరైనా నేను చేయించిపెడతా, మూడు వేలు ఇవ్వు అంటే ఇవ్వకు, మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లాడుంటే చాలు.

ఎందుకు అని అడిగావు కదా. మీ వీధిలోవాళ్లకి అమ్మినా రూలు ప్రకారం అది ఉండాల్సిందే, కాకపోతే వాళ్ల వరకు దాని అవసరం నిజంగానే కనపడదు. నీ వంటగది వాళ్లు చూశారు, పచ్చడి బూజు పడితే పొద్దున్నే సీసా పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంటారు, అంతకంటే పెద్ద ఇన్‌స్పెక్టరు ఎవరు? కానీ వాట్సాప్‌లో ఆర్డరిచ్చే బెంగళూరు అమ్మాయికి నీ అరుగు ఎక్కడుందో తెలీదు. ఆ నంబరు ఆ అమ్మాయికి నీ చిరునామా. చికెన్ పచ్చడి కూడా అమ్ముతున్నావు కాబట్టి మరీ ముఖ్యం. దాని మీద గోధుమ రంగు త్రికోణం వేయాలి, మాగాయ మీద ఆకుపచ్చ చుక్క, మాంసం ముట్టనివాళ్లు ఆ గుర్తు చూసే సీసా తెరుస్తారు. పెట్టిన తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలి, ఏమేం వేశావు, బరువెంత, అన్నీ రాయి. స్కెచ్ పెన్నుతో కాగితం మీద రాసి అతికించకమ్మా, నూనె కారి రెండో రోజుకే అక్షరాలు పారిపోతాయి. పైన పారదర్శకంగా ఉండే వెడల్పు టేపు వేసెయ్, సీసా మూత దగ్గర నూనె ఒకసారి గుడ్డతో తుడిచి మరీ అతికించు.

ఇక మాగాయ సీసా సంగతి. రూలు ప్రకారం నంబరు వచ్చాకే పంపమని చెప్పాలి. కానీ అప్లికేషన్ పెట్టి, అది వచ్చి, లేబుల్ వేసేదాకా నేను ఆగలేను, ఇప్పుడే పంపెయ్. డబ్బులు మాత్రం తీసుకోవాలి.